కడితము నుండి డిస్కు వరకు

ఈనాడు పెక్కు కుటుంబములలో బీరువా అడుగు అరలో ఒక చిన్న నల్లని పెట్టె పడియుండును. పది పదిహేనేండ్ల క్రిందట కొన్నది. పిల్లల పెండ్లి ఛాయాచిత్రములు, కాలముచేసిన తాతగారి కంఠస్వరము, పొలము దస్తావేజుల నకళ్లు, అచ్చు వేయింపదలచి మధ్యలో నిలిచిపోయిన పద్యకావ్యము, అన్నియు నందే యుండును. దానిని హార్డు డిస్కు అందురు. క్రొత్త కంప్యూటరు ఇంటికి వచ్చిన దినమున ఆ పెట్టె జ్ఞప్తికి వచ్చును. ధూళి తుడిచి, తీగ వెదకి, యంత్రమునకు తగిలింపబోవుదురు. తీరా చూచినచో ఆ తీగ దూరుటకు క్రొత్త యంత్రమున రంధ్రమే యుండదు. మధ్యవర్తి తీగ మరియొకటి కొని ఎట్లో తగిలించినను, “ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాటు చేయవలెను, చేయుదునా?” అని యంత్రము అడుగును. అది మంచి ప్రశ్నవలెనే కనబడును గాని, సరే యని మీట నొక్కిన మరుక్షణమున తాతగారి కంఠము ఎక్కడ నున్నదో తెలిపెడు జాబితా చెరిగిపోవును.

ఇది యంత్రయుగము తెచ్చిపెట్టిన చిక్కని మన మనుకొందుము. కర్నూలు, కడప మండలములలో ఇది చాల ప్రాతది.

గుత్తి నుండి పత్తికొండకు పోవు ప్రాంతమున ఎర్రగుడి యను గ్రామము కలదు. అక్కడి గుట్టపై క్రీస్తు పూర్వము 3వ శతాబ్దమున అశోక చక్రవర్తి చెక్కించిన ధర్మశాసనము లున్నవి. రాతిని మించిన దస్త్రము లేదు. దానికి చెద పట్టదు, నీరు తగిలినను నానదు, విద్యుత్తు అక్కరలేదు. అయినను కొన్ని వందల యేండ్లపాటు ఆ రాయి మూగదై యుండెను. అక్షరము చెడలేదు, చదువువాడు లేకపోయెను. 1837లో జేమ్సు ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని విప్పిన తరువాతనే అశోకుని వాక్యములు మరల మనుష్యభాషలోనికి వచ్చినవి. ఎర్రగుడి శాసనములు పండితుల దృష్టికి వచ్చుటకు మరి తొంబదేండ్లు పట్టినది.

ఎర్రగుడి లఘుశాసనమున మరియొక విశేషము కలదు. అందు కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికిని, కొన్ని కుడి నుండి ఎడమకును సాగును. మన రైతు మడక దున్నునపుడు చాలు చివర ఎద్దులను త్రిప్పుకొని వచ్చినట్లు వ్రాత వెనుదిరిగి వచ్చును. లిపి వచ్చినవాడైనను ఈ మర్మము తెలియక చదివినచో అర్థము తలక్రిందులగును. అక్షరము తెలియుట వేరు, అక్షరముల అమరిక తెలియుట వేరు. డిస్కును యంత్రమునకు తగిలించినను లోపలి వ్రాత కనబడకపోవుటకు మూలమిదియే. ఆ సంగతికి తరువాత వత్తును.

రాతి తరువాత తాటాకు, రాగిరేకు, కాగితము వచ్చినవని అందరకును తెలియును. మన సీమలో వర్తకులును కరణములును వాడిన మరియొక సాధనమును మాత్రము నేటివారు మరచిరి. అదియే కడితము. చింతగింజల అంబలిలో బొగ్గుపొడి కలిపి బట్టకు పట్టించి, ఆరబెట్టి, మడతలుగా మడిచి పుస్తకముగా చేయుదురు. దానిపై బలపముతో వ్రాయుదురు. లెక్క తీరినపుడు తుడిచి మరల వ్రాయుదురు. హార్డు డిస్కునకు తాటాకు కంటె ఈ కడితమే దగ్గర చుట్టము. తాటాకుపై గంటముతో గీచిన గీత తుడిచినను పోదు. డిస్కు అట్లు కాదు. అది గాజుతోనో అల్యూమినియముతోనో చేసిన పళ్లెము, దానిపై అయస్కాంత ధర్మముగల పలుచని పూత. ఆ పూతలోని సూక్ష్మభాగములను ఇటో అటో త్రిప్పుటయే వ్రాయుట. మరల త్రిప్పినచో పాత వ్రాత పోవును. కడితమున కున్న సౌకర్యమే దీనికిని సౌకర్యము, దాని కున్న అపాయమే దీనికిని అపాయము.

మొట్టమొదటి హార్డు డిస్కు 1956లో అమెరికాలో ఐ.బి.యం. సంస్థ చేసిన యంత్రమున వెలువడెను. 24 అంగుళముల వెడల్పుగల పళ్లెములు 50, తూకము ఒక టన్నుకు పైబడి. అంతటి భూతమున పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. అదే సంవత్సరము నవంబరు 1వ తేదీన, 1953 నుండి ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియైన కర్నూలు ఆ పదవిని విడిచెను. డేరాలలో నడచిన కచేరీల కాగితములన్నియు మూటలు గట్టబడి హైదరాబాదునకు తరలినవి. పుటకు రెండువేల అక్షరముల చొప్పున చూచినచో ఆ అమెరికా యంత్రమున పట్టునది రెండువేల అయిదువందల పుటలు. ఒక గుమాస్తా బల్లపై నుండు దస్త్రములకే అది చాలియుండదు!

రాయలసీమ యను పేరు 1928లో నంద్యాల సభలో స్థిరపడినది. అంతకు ముందు మన మండలములు దత్తమండలములు. 1800లో నిజాము వీనిని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చుటచేత ఆ పేరు వచ్చినది. ఆ మండలములను కొలుచుటకు వచ్చిన కర్నలు కాలిన్ మెకంజీ భూమిని కొలుచుటతో తృప్తి చెందక, ఊరూర చరిత్రను సేకరింపదలచెను. ఈ కార్యమున ఆయనకు కన్నులును చెవులునైనవారు ఏలూరికి చెందిన కావలి సోదరులు. అన్నయైన బొర్రయ్య 1803లో చిన్న వయసుననే గతింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. ఆయన అధీనమున పనిచేసిన గుమాస్తాలు గ్రామములు తిరిగి, కరణముల యొద్ద నున్న కవిలెలను, దండకవిలెలను చూచి, పెద్దల నోట విని, ఊరి పుట్టుక, చెరువులు, గుళ్లు, మాన్యములు, పాలెగాండ్ర తగవులు వ్రాసికొనిరి. అవియే కైఫీయత్తులు. కవిలె నుండి కాగితమునకు ఎక్కించుట, అనగా ప్రాత పెట్టెలోని సరకును క్రొత్త పెట్టెకు మార్చుట, అప్పుడే జరిగినది. నేడు ఆ కవిలెలలో మిగిలినవి అత్యల్పము. ఆ నకలే లేకున్నచో పెక్కు గ్రామముల చరిత్రకు ఆధారమే యుండెడిది కాదు.

1821లో మెకంజీ మరణించెను. ఆయన సేకరించిన మూటలను కంపెనీవారు లక్ష రూపాయలకు కొనిరి. హెచ్.హెచ్. విల్సన్ 1828లో వానికి పట్టికను ప్రకటించెను. కొన్ని సీమకు పోయినవి, కొన్ని మదరాసు చేరినవి. పెట్టెలు భద్రముగనే యుండెను. ఆ మూటలలో ఏది ఏ గ్రామమున, ఎవరి వలన, ఏ సందర్భమున వచ్చినదో తెలిసినవాడు లక్ష్మయ్య. మిగిలిన పనిని తానే సాగింతునని ఆయన కోరుకొనెను. కలకత్తా ఆసియాటిక్ సొసైటీవారు అంగీకరింపలేదు. అప్పటి కార్యదర్శి మరెవరో కాదు, బ్రాహ్మీ లిపిని విప్పిన ఆ ప్రిన్సెప్ దొరయే! వందల యేండ్లుగా చదువరి లేని రాతికి చదువరియైన మహానుభావుడు, ఎదుట నిలిచిన చదువరిని కాదనెను. ఆ కాలమున దొరలకు మనవారి విద్వత్తుపై నుండిన చిన్నచూపు దీనికి కారణమని నా అభిప్రాయము. పని తరువాత మదరాసులో విలియం టేలర్ అను మతాచార్యుని చేతికి పోయెను. నేటి యంత్రజ్ఞులు డ్రైవరు అను ఒక చిన్న కార్యక్రమమును గూర్చి చెప్పుదురు. ఫలానా పెట్టెతో ఎట్లు మాటలాడవలెనో యంత్రమునకు నేర్పునది అది. లక్ష్మయ్య అట్టివాడు.

కడపలో బ్రౌను దొర పేరు తెలియనివారుండరు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో జన్మించి, 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. తెలుగు నేర్చుకొన జూచినపుడు ఆయనకు ఎదురైనది గ్రంథముల లేమి కాదు. తాటాకు ప్రతులు ఎన్నియో యుండెను. ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగా నుండెను. పదముల మధ్య ఎడము లేదు. పద్యము ఎక్కడ ముగిసినదో వ్రాతను బట్టి తెలియదు. ఎత్వ ఏత్వములకు భేదము పాటింపని వ్రాయసకాండ్రును, వలపల గిలకతో వ్రాసినవారును కలరు. పురుగు తిన్నచోట తనకు తోచినది పూరించినవాడు మరియొకడు. బ్రౌను కడపలో బంగళా కొని, అందే పండితులను నిలిపి, స్వంత ధనముతో జీతము లిచ్చి, ఒక కర్మాగారము వంటిదానిని నడిపెను. ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించుట, వానిని కాగితముపై నకలు చేయించుట, పద్యములకు సంఖ్య లిచ్చుట, పాఠభేదములు గుర్తించుట, పండితులు కూర్చుండి మంచి పాఠమును నిర్ణయించుట, ఇది అక్కడి క్రమము. జూలూరి అప్పయ్య వంటి ఉద్దండులు ఆ కూటమిలోనివారు. 1829లో వేమన పద్యములు, 1851లో వ్యాఖ్యానముతో మనుచరిత్ర, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు అచ్చైనవి. మెకంజీ కైఫీయత్తులు శిథిలమగుచుండుట చూచి వానికి మరల నకళ్లు వ్రాయించినవాడును ఆయనయే. అట్లు వ్రాయించిన సంపుటములనే లోకల్ రికార్డులని వ్యవహరింతురు.

బ్రౌను పద్ధతిలో నేను మిక్కిలి మెచ్చుకొనునది ఒకటి కలదు. ఆయన పండితులు దిద్దినది నకలుపైననే గాని మూలముపైన కాదు. మూలపు తాటాకు ఎట్లు వచ్చినదో అట్లే యుండెను. దిద్దుబాటు తప్పైనచో మరల మూలమును చూచుకొనవచ్చును. ప్రాత డిస్కును తెరచువారు మొట్టమొదట పాటింపవలసిన నియమము సరిగా నిదియే. యంత్రము “లోపములు కనబడినవి, సవరింతునా?” అని యడిగినపుడు తొందరపడి సరే యనరాదు. ఆ సవరణ మూలముపైననే జరుగును. ముందు డిస్కునంతటిని, ఉన్నదున్నట్లు, మరియొక క్రొత్త డిస్కుపైకి నకలు తీయవలెను. ఎన్ని ప్రయోగములు చేసినను ఆ నకలుపైననే చేయవలెను.

బ్రౌను నివసించిన బంగళా కాలక్రమమున శిథిలమై మొండిగోడలు మిగిలినవి. జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టు విడువక శ్రమించి ఆ స్థలముననే ఆయన పేర గ్రంథాలయమును నెలకొల్పిరి. తరువాత అది యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందిన భాషాపరిశోధన కేంద్రమైనది. కడప జిల్లా కైఫీయత్తులు ఆ కేంద్రము నుండి సంపుటములుగా అచ్చైనవి. కవిలె నుండి కైఫీయత్తు, కైఫీయత్తు నుండి బ్రౌను నకలు, నకలు నుండి అచ్చు. ఒక్కొక్క మజిలీలో ఎవరో ఒకరు మోసినారు కనుకనే సరకు చేరినది. మూలమైన కరణముల వ్యవస్థ మాత్రము 1984లో రద్దయ్యెను. ఆ పెట్టెలలో నుండిన కాగితములు కొన్ని కచేరీలకు చేరినవి, కొన్ని అటుకలపై నిలిచినవి, కొన్ని పొయ్యిలోనికి పోయినవి.

రేడియోను గూర్చి రెండు మాటలు. కడప ఆకాశవాణి కేంద్రము 1963లో వెలసినది. ఆ కాలమున ప్రసంగములు, పాటలు, నాటికలు పావు అంగుళపు వెడల్పుగల అయస్కాంత టేపుపై నిక్షిప్తమయ్యెడివి. టేపు ఖరీదైన రోజులలో ప్రసారమైన వెనుక దానిని చెరిపి మరల వాడుట రేడియో కేంద్రములలో సర్వసాధారణము. మరల కడితమే! చెరుపకుండ నిలిచినదానిని వినుటకు ఆ యంత్రమే కావలెను, ఆ వేగమే కావలెను. క్షణమునకు ఏడున్నర అంగుళముల వేగముతో పట్టినదానిని సగము వేగముతో నడిపినచో స్త్రీకంఠము పురుషకంఠమగును. ఇండ్లలోని క్యాసెట్ల గతియు నిదియే. టేపు కన్న ముందు టేపు యంత్రము కనుమరుగగును.

ఇక నల్లని పెట్టెకు వత్తము. యంత్రమునకును పెట్టెకును నడుమ నుండు త్రోవలు ఇరువదేండ్లలో పలుమార్లు మారినవి. 1996లో వచ్చిన యు.ఎస్.బి. అను కూడలి 2000లోను 2008లోను వేగము పెంచుకొనెను. పెట్టె వైపు దూరు మొన మొదట చతురస్రముగా నుండెను. తరువాత చిన్నదయ్యెను. ఆపై వెడల్పై రెండు భాగములుగా కనబడెను. 2014 తరువాత వచ్చిన కోడిగ్రుడ్డు ఆకారపు చిన్న మొన నేటి యంత్రములలో అధికముగా కనబడుచున్నది. రంధ్రము కలియలేదని విచారింపనక్కరలేదు, మధ్యవర్తి తీగలు బజారులో దొరకును. విద్యుత్తు విషయమున మాత్రము జాగ్రత్త వలయును. రెండున్నర అంగుళముల చిన్న డిస్కు తీగలో వచ్చు అయిదు వోల్టులతోనే తిరుగును. మూడున్నర అంగుళముల పెద్దదానికి 12 వోల్టుల ప్రత్యేక విద్యుత్తు కావలెను. దాని పెట్టె పోయినదని, మొన సరిపోయినది గదా యని, ఒడికంప్యూటరుకు చెందిన 19 వోల్టుల పెట్టెను తగిలించినవారు డిస్కును కాల్చుకొందురు. కొలత చూడక నీరు వదలినచో కాలువ తెగును.

తగిలించిన పిమ్మట చెవి పెట్టి వినవలెను. మెల్లని గుయ్యి మను ధ్వని ఆరోగ్యలక్షణము. టక్కు టక్కు మని గడియారము కొట్టినట్లు వినిపించినచో వెంటనే విద్యుత్తు తీసివేయవలెను. లోపల చదువు సూది పళ్లెమునకు అతి సూక్ష్మమైన ఎడములో తేలుచుండును. ఆ ఎడము తల వెంట్రుక మందములో వెయ్యవ వంతు కూడ లేదు. అది తగులుచున్నప్పుడు మరల మరల తిప్పి చూచుట గాయమును రేపుటయే. అట్టిదానిని పనితెలిసినవారికి ఒప్పగింపవలెను గాని, ఇంట మూత విప్పరాదు. మన సీమ గాలిలోని ఎర్రధూళి ఒక్క రేణువు చాలును. మేనెలలో కడప ఎండకు కారులో వదలిన డిస్కును ఆ వేడితోనే తిప్పరాదు. గదిలో కొంత సేపు చల్లారనిచ్చుట మేలు.

ధ్వని బాగుగ నున్నను వ్రాత కనబడనిచో ఎర్రగుడి పంక్తులను స్మరింపవలెను. డిస్కుపై వ్రాత అమరికకు సంప్రదాయములు కలవు. విండోసు యంత్రములకు ఒకటి రెండు, ఆపిల్ యంత్రములకు వేరొకటి, లైనక్సునకు మరియొకటి. ఒకదాని సంప్రదాయమును వేరొకటి గుర్తింపక, దానిని ఖాళీ డిస్కుగా భావించి, ఫార్మాటు చేయుదునా యని యడుగును. డిస్కు ఖాళీ కాదు, చదువరికి ఆ లిపి రాదు, అంతే. ఆ డిస్కును మొదట ఏ జాతి యంత్రమున వాడితిరో జ్ఞప్తి చేసికొని అట్టి యంత్రమునకే తగిలించి చూచినచో తరచు సరకు చక్కగా కనబడును. కొన్ని వేళల సంప్రదాయము తెలిసినను, యంత్రము ఆ డిస్కునకు పేరుగా నొక అక్షరము ఇచ్చుట మరచును. డిస్కుల నిర్వహణ పట్టికలో ఆ అక్షరమును మనమే ఇచ్చిన చాలును.

తెలుగువారికి ఉన్న చిక్కు మరియొకటి కలదు. డిస్కు తెరచుకొన్నది, పద్యకావ్యపు దస్త్రము కనబడినది, విప్పినారు. తెర నిండ అర్థములేని ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు. ఇది చెడిన దస్త్రము కాదు. 1990 తరువాత నంద్యాల, ప్రొద్దుటూరు వంటి పట్టణముల ముద్రణశాలలలో సీసపు అక్షరములు పోయి కంప్యూటరు కూర్పు వచ్చినపుడు, అను మొదలైన తెలుగు ఫాంట్లు వాడుకలోనికి వచ్చినవి. ఇవి ఇంగ్లీషు అక్షరములకు కేటాయించిన సంఖ్యల స్థానముననే తెలుగు రూపములను నిలిపెను. ఫాంటు ఉన్నంత కాలము తెలుగు కనబడును, లేనిచో ఇంగ్లీషు గందరగోళము మిగులును. తెలుగు అక్షరములకు తమ స్వంత సంఖ్యలు యూనికోడు అను అంతర్జాతీయ ప్రమాణమున 1991లోనే లభించినవి. కాని అది ముద్రణశాలలకు చేరుటకు చాల కాలము పట్టినది. ఆ నడిమి కాలమున కూర్చిన తెలుగు గ్రంథములు, పత్రికలు, శుభలేఖలు, పరిశోధన వ్యాసములు ఎన్ని వేలో ఆ ప్రాత డిస్కులలో నున్నవి. వానిలో పెక్కు కూర్పు జరిగిన పేజిమేకరును దాని సంస్థవారే విడిచిపెట్టిరి. ముద్రణశాలలు మూతపడినపుడు ఆ డిస్కులు పాతసామాను తూకములో పోవుచున్నవి. నా దృష్టిలో మెకంజీ మూటలకు పట్టిన చెద కంటె ఇది ఘోరమైనది, ఏలయన చెద పట్టినది కంటికి కనబడును.

అట్టి దస్త్రమును యూనికోడునకు మార్చు సాధనములు లేకపోలేదు. అవి మార్చినదానిని గ్రుడ్డిగా నమ్మరాదు. ఒత్తులు తారుమారగును, సున్నలు జారును, ఒక ఫాంటులోనే పూర్వరూపమునకును ఉత్తరరూపమునకును సంఖ్యలు భేదించును. ఎవరో ఒకరు పాత అచ్చుప్రతిని ప్రక్క నుంచుకొని అక్షరమక్షరము సరిచూడవలెను. ఆ యింటిలో తెలుగు బాగుగ చదువగల పెద్దవారు ఆరోగ్యముగా నున్నపుడే ఆ పనికి కూర్చుండుట మంచిది.

కడప జిల్లా కలమళ్లలో క్రీస్తుశకము 575 ప్రాంతపు రేనాటి చోళుల శాసనము కలదు. మనకు లభించిన తెలుగు శాసనములలో అది ప్రాచీనతమమని పండితుల మతము. ఆ కాలపు తెలుగులో ‘ఴ’ యను నొక అక్షరము వాడుకలో నుండి, తరువాత జారిపోయెను. యూనికోడులో ఆ అక్షరమునకు చోటు 2014లో లభించినది. అంతకు ముందు రేనాటి శాసనముల పాఠమును కంప్యూటరులో ఎక్కించినవారు దానికి బదులుగా ‘ళ’ అనియో, ప్రత్యేకముగా చేయించుకొన్న ఫాంటులో మరియొక గుర్తుగనో వ్రాసికొనవలసి వచ్చినది. అట్లు వ్రాసిన ప్రతులలో ఏ ‘ళ’ నిజముగా ‘ళ’యో, ఏది ‘ఴ’యో తేల్చుటకు ఇప్పుడు మరల రాతి యొద్దకే పోవలెను.